నాటు గులాబీ నాటుదేనా: ఒక చలికాలం ప్రాజెక్టు డైరీ

అక్టోబర్ 28

ఇంటర్ సెకండియర్ క్లాసులో ఒక పిల్ల లేచి, "మేడమ్, నాటు గులాబీ సైంటిఫిక్ పేరేంటి?" అని అడిగింది. చాక్‌పీస్ చేతిలోనే ఉంది. ఆలోచించకుండా 'రోజా ఇండికా' అని బోర్డు మీద రాసేశాను. బెల్లు కొట్టాక స్టాఫ్ రూంలో టీ తాగుతుంటే మనసు కుదురుగా లేదు. ఇండికా అంటే మన దేశానిది అనుకుంటారు పిల్లలు. ఆ పేరు 1753లో, మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ పెట్టింది చైనా నుంచి వచ్చిన మొక్కకు. ఆ రోజుల్లో యూరప్ వాళ్ళకు తూర్పున ఉన్నదంతా ఇండియాయే. చైనా గులాబీలు కొన్ని కలకత్తా మీదుగా ఓడలెక్కాయి కాబట్టి ఫ్రెంచి వాళ్ళయితే వాటిని ఏకంగా బెంగాల్ గులాబీలు అన్నారు.

మరి పర్కాల దగ్గర మా అవ్వ ఇంటి ముందు, బావి గట్టు పక్కన, మొన్న బతుకమ్మ నాడు కూడా పూసిన ఆ గులాబీ ఏ జాతి? దాన్ని మేమంతా నాటు గులాబీ అనే అంటాం. బాటనీ చెప్తూ పన్నెండేళ్ళయింది, మా ఇంటి మొక్క సంగతే నాకు తెలియదు. సిగ్గేసింది.

అందుకే ఈ డైరీ. చలికాలం నాలుగు నెలలు, దొరికినన్ని గులాబీ మొక్కలు, చేతి లెన్సు, కాలేజీ ల్యాబ్‌లో ఉన్న ఒక్క మంచి మైక్రోస్కోపు. డీఎన్ఏ చదివే మెషిన్లు మన దగ్గర లేవు. ఆ పని చేసినవాళ్ళు అచ్చేసిన ఫలితాలు చదువుకుని, నా కంటికి కనిపించినదాన్ని వాటితో పోల్చుకోవాలి.

నవంబర్ 2

హన్మకొండలో మా వీధి, వడ్డేపల్లి వైపు చుట్టాల ఇళ్ళు, అవ్వ ఊరు అన్నీ కలిపి 19 మొక్కలు తేలాయి. ఒక్కో దాని నుంచి నాలుగు కొమ్మ ముక్కలు తెచ్చి, ఇసుక నింపిన పెరుగు డబ్బాల్లో గుచ్చాను.

మార్కర్‌తో రాసిన ప్లాస్టిక్ లేబుళ్ళు మొదటి నీళ్ళకే చెరిగిపోయాయి. అప్పటికి ఆరు డబ్బాలు ఏవి ఏవో తెలియకుండా పోయి, మళ్ళీ ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది. ఇప్పుడు కూల్‌డ్రింక్ టిన్నులు కత్తిరించి, మేకుతో నంబర్లు గీకి, తీగతో కట్టాను. ఇవి చెరగవు.

అడిగిన ప్రతి ఇంట్లో పేరు కూడా రాసుకున్నాను. నాటు, పన్నీరు, కాశ్మీరీ, హైబ్రిడ్, డచ్చి. అవ్వ మొక్కకు నంబర్ 1 ఇచ్చాను. గుత్తులుగా చిన్న ఎర్ర పూలు పూసే కాశ్మీరీ నంబర్ 7. వడ్డేపల్లిలో "ఇది అసలైన పన్నీరు గులాబీ, హోమాలకు ఇదే వాడతాం" అని చెప్పి ఇచ్చింది నంబర్ 11. రెండేళ్ళ కింద కడియం నర్సరీల లారీ వచ్చినప్పుడు నేనే కొన్న పెద్ద ఎర్ర గులాబీ నంబర్ 12.

నవంబర్ 5

కాజీపేట దర్గా దగ్గర గులాబీలు అమ్మే ఒక పెద్దాయనను అడిగాను. "కాకా, ఈ పూలు ఇక్కడివేనా?" నవ్వాడు. "ఇక్కడ గింతగనం పూలు ఏడ దొరుకుతయమ్మా. పట్నం గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పొద్దుగాల దిగుతయ్." బుట్టలో రెండు రకాలున్నాయి. ఒకటి రేకులు విడిపోయే లేత గులాబీ రంగుది, వాసన బాగుంది. రెండోది గట్టి మొగ్గలది, వాసన లేదు. మొదటి దాన్ని చూపించి పేరడిగితే "దేశీ" అన్నాడు. నాటు, పన్నీరులకు తోడు ఇప్పుడు దేశీ.

దారిలో ఒక మాట తట్టింది. గులాబ్ అన్నది పారసీ మాట. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్ళు. అది మొదట పువ్వు పేరే కాదు, అత్తరు వాళ్ళ నీళ్ళ పేరు. మన పన్నీరులోనూ నీరే ఉంది. పువ్వు కంటే ముందు మన దగ్గరికి సీసా వచ్చినట్టుంది!

నవంబర్ 9

ఈ రోజంతా లెన్సు పట్టుకుని ఆకుకాడల మొదళ్ళు చూడటమే పని. గులాబీ ఆకు కాడ కొమ్మకు అతికే చోట రెండు పక్కలా చిన్న రెక్కల్లాంటివి ఉంటాయి, పత్రపుచ్ఛాలు. పూలు లేని కాలంలో గులాబీ వంశం చెప్పేది ముందు ఇవే. ఎక్కువ జాతుల్లో ఇవి కాడకు అంటుకుని, అంచులు నున్నగానో సన్న నూగుతోనో ఉంటాయి. బ్యాంక్సియే అనే చైనా తీగ గులాబీలో విడిగా ఉండి రాలిపోతాయి. మల్టీఫ్లోరా అనే జాతిలో మాత్రం దువ్వెన పళ్ళలాగా చీలికలు చీలికలుగా ఉంటాయి. ఒకసారి చూస్తే జన్మలో మర్చిపోరు.

పక్కింటి అక్క తన మొక్క గురించి చాలా రోజులుగా మొత్తుకుంటోంది. "ఎర్రగా ఇంతింత పూలు పూసేది. రెండేళ్ళ సంది ఒక్క పువ్వు లేదు. తీగ లెక్క గోడెక్కుతాంది. ఎరువు తక్కువైందా?" నంబర్ 4 అదే. లెన్సు పెట్టగానే కనిపించాయి దువ్వెన పళ్ళు. కొమ్మల మీద ముళ్ళు కూడా అంతంతమాత్రం. అక్క కొన్నది అంటు మొక్క. కింద వేరు ఒకరిది, పైన కన్ను ఇంకొకరిది. పై మొక్క ఏదో ఎండకు చచ్చిపోయి కింద మొక్క పిలకేసింది. అక్క రెండేళ్ళుగా ఆ వేరు మొక్కనే ప్రేమగా పెంచుకుంటోంది. చెప్తే నమ్మలేదు. మొదట్లో మట్టి తీసి, అంటు కట్టిన బుడిపెను, దానికి కింద నుంచి వచ్చిన కొమ్మలను చూపించాను. అప్పుడు "అమ్మో, మోసం!" అంది. మోసమేం కాదు. బెంగాల్ వైపు మల్టీఫ్లోరా మీద, ఉత్తరాదిన ఇండికా ఒడొరాటా మీద, హోసూరు పాలీహౌస్‌ల వాళ్ళు నేటాల్ బ్రయర్ మీద కడతారు. వేరు బలం ఒకరిది, పువ్వు అందం ఒకరిది.

ఇంకో సంగతి. "ఏడాకులు వస్తే అడవి గులాబీ, కోసి పారెయ్యి" అంటారు అందరూ. నా 19లో లెక్కపెట్టాను. నంబర్ 12 మంచి పూలు పూస్తూనే రెండు కొమ్మల మీద కాడకు ఏడేసి చిట్టి ఆకులు వేసింది. ఈ సూత్రం నమ్మి ఎన్ని మంచి కొమ్మలు నరికేసి ఉంటారో.

నవంబర్ 16

పువ్వులను విప్పి చూశాను. మధ్యలో కీలాలు, అంటే అండాశయం మీది సన్న కాడలు, ఒక కట్టలా అతుక్కుని స్తంభంగా నిలబడితే అది మల్టీఫ్లోరా, మస్క్ గులాబీల వర్గం. విడివిడిగా ఉండి పువ్వు బయటికి పొడుచుకొస్తే చైనా వర్గం. నంబర్ 7లో విడివిడిగా ఉన్నాయి, ఆకులు నున్నగా మెరుస్తున్నాయి. దాన్ని అందరూ కాశ్మీరీ అంటారు కానీ ఈ బుల్లి గులాబీల పొట్టితనం వచ్చింది చైనా గులాబీల్లోని మరుగుజ్జు రకం నుంచి. కాశ్మీరుతో ఏ సంబంధమూ లేదు.

అవ్వది మాత్రం ఎటూ తేల్చుకోనివ్వదు. ఆకు కొంచెం గరుకు, కానీ వెనక నూగు లేదు. రక్షక పత్రాల అంచులకు చిన్న ఈకలున్నాయి, రుద్దితే జిగట వాసన. ఇది డమస్క్ అనే పాత సువాసన గులాబీ లక్షణం. ముళ్ళు మాత్రం దూరందూరంగా, వంకీ తిరిగి, చైనా పద్ధతిలో. రేకులు లెక్కపెడితే మూడు పూలకు 36, 41, 38. నంబర్ 11 పన్నీరు గులాబీని పక్కన పెట్టి ఒక్కో అంశం సరిచూశాను. అన్నీ ఒకటే. పర్కాలలో నాటు, వడ్డేపల్లిలో పన్నీరు, మొక్క మాత్రం ఒక్కటే.

మధ్యాహ్నం పుప్పొడి పరీక్ష. స్లైడు మీద చిటికెడు పుప్పొడి, ఒక చుక్క ఎసిటోకార్మిన్ రంగు, పది నిమిషాలు ఆగడం. ప్రాణమున్న రేణువు గుండ్రంగా ఎర్రబడుతుంది. లేనిది పొట్టు వడ్లలా ముడుచుకుని పాలిపోయి ఉంటుంది. ఒక్కో మొక్కకు 200 రేణువులు లెక్కపెట్టాను. నంబర్ 7లో 163 ఎర్రబడ్డాయి. నంబర్ 12లో 148. అవ్వ గులాబీలో 31. మిగతావన్నీ తాలు. రెండోసారి, ఇంకో పువ్వుతో చేశాను. 27.

ఇంత తాలు పుప్పొడి ఉందంటే క్రోమోజోములు జతకట్టడంలో ఎక్కడో లెక్క తప్పుతోంది.

సాయంత్రం క్రాసింగ్ కూడా చేశాను. రేపు విచ్చుకోబోయే మొగ్గను తీసుకుని రేకులు పీకి, కేసరాలన్నీ పట్టకారుతో తీసేసి, కాగితం సంచి కట్టాలి. మర్నాడు కీలాగ్రం తడిగా మెరుస్తున్నప్పుడు వేరే మొక్క పుప్పొడి వేలితో అద్దాలి. అవ్వ మొక్క తల్లిగా ఆరు, కాశ్మీరీ తల్లిగా ఎనిమిది.

నవంబర్ 24

క్రోమోజోములు చూద్దామని మొదటి ప్రయత్నం. ఘోరం. స్లైడు నిండా ఎర్రటి ముద్ద.

నవంబర్ 30

రెండో ప్రయత్నం. కణాలు విడిపోయాయి కానీ ఒక్కటీ విభజనలో లేదు. వేళ తప్పు. మధ్యాహ్నం రెండింటికి వేళ్ళు తీశాను. వేరు చివర కణాలు పొద్దున చురుగ్గా విభజన చెందుతాయని పిల్లలకు నేనే చెప్తాను కదా!

డిసెంబర్ 7

దొరికింది! పద్ధతి పూర్తిగా రాసి పెడుతున్నాను, మళ్ళీ మర్చిపోకుండా.

పొద్దున తొమ్మిదింటికి నంబర్ 7 డబ్బాను బోర్లించి, ఇసుక కడిగి, తెల్లగా అన్నం మెతుకు కొసలా ఉన్న వేరు చివరలు సెంటీమీటర్ చొప్పున కోశాను. కణ విభజనను మధ్యలో ఆపే కోల్చిసిన్ మన ల్యాబ్‌లో లేదు. పాత పుస్తకాల్లో పారాడైక్లోరోబెంజీన్ ఉంది, క్రోమోజోములను పొట్టిగా చేసి మధ్యలోనే ఆపేస్తుంది. దాని పలుకులు నీళ్ళలో వేసి, కరిగినంత కరగనిచ్చి, వడకట్టి, ఆ నీళ్ళలో వేళ్ళు మూడు గంటలు నానబెట్టాను. దీనికి చల్లదనం కావాలి. డిసెంబర్ కాబట్టి నీడలో కిటికీ గట్టు మీద పెడితే సరిపోయింది. తర్వాత మూడు వంతుల ఆల్కహాల్, ఒక వంతు గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్‌లో ఒక రోజు. మర్నాడు 60 డిగ్రీల వేడిలో, ఒక నార్మల్ (1N) గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఎనిమిది నిమిషాలు. పది అయితే వేరు గుజ్జయిపోతుంది, ఐదయితే కణాలు విడవవు. నవంబర్‌లో నా ఎర్ర ముద్దకు కారణం ఈ మూడు నిమిషాలే.

రంగు పట్టాక, చివరి రెండు మిల్లీమీటర్లు మాత్రం ఉంచి, కవర్ స్లిప్ వేసి, బ్లాటింగ్ పేపర్ మడిచి, బొటనవేలితో ఒక్కసారి తిన్నగా నొక్కాలి. పక్కకు జరిగిందా, అంతే సంగతి.

గులాబీ క్రోమోజోములు చాలా చిన్నవి. ఉల్లిపాయ వేళ్ళతో అలవాటైన కంటికి ఇవి ఆవగింజల్లో ఆవగింజలు. వంద రెట్ల ఆయిల్ లెన్సు కింద ఒక కణంలో విడివిడిగా, పొట్టి కడ్డీల్లా పడి ఉన్నాయి. కాగితం మీద బొమ్మ గీసి, గీసినదానికల్లా టిక్కు పెట్టాను. 14. ఇంకో కణం, 14. మూడో దాంట్లో 13 వచ్చాయి, ఒకటి ఇంకో దాని మీద పడి ఉంది.

గులాబీల లెక్క ఏడుతో మొదలవుతుంది. రోజా ప్రజాతిలో 150కి పైగా జాతులుంటే, అన్నీ ఏడుకు గుణకాలే. 14, 21, 28, 35, 42, 56. చైనా గులాబీ 14, మస్క్ గులాబీ 14, యూరప్ గాలికా 28, డమస్క్ 28. ఇప్పటి పెద్ద పూల 'హైబ్రిడ్ టీ' రకం గులాబీలు ఎక్కువగా 28. అందుకే ఈ లెక్క చూస్తే మొక్క ఎవరి పిల్లో కొంత పోల్చుకోవచ్చు.

ల్యాబ్ అటెండరు కూడా కన్ను పెట్టి చూసి, "మేడమ్, గివి సేమియా ముక్కల్లెక్క ఉన్నయ్" అన్నాడు. ఉపమానం బాగుంది, క్లాసులో వాడుకుంటాను.

డిసెంబర్ 9

కోతులు.

పొద్దున మిద్దె ఎక్కితే కాగితం సంచుల ముక్కలు గాలికి ఎగురుతున్నాయి. సంచి కనిపిస్తే తిండి అనుకుంటాయి, మన కోతులకు అలవాటు. 14 క్రాసులకు గాను 13 పోయాయి. మొగ్గలు కొరికి, నచ్చక ఉమ్మేసి పోయాయి. నంబర్ 12ను కుండీతో సహా కింద పడేశాయి. అవ్వ మొక్క కింది కొమ్మకు, గోడ వెనక, ఒక్క సంచి మిగిలింది. మా ఆయన "కొండముచ్చు ఫొటో పెట్టు, పారిపోతాయట" అంటాడు. మా వీధిలో రెండిళ్ళ వాళ్ళు అట్లాంటి ఫ్లెక్సీ కట్టారు. దాని మీదే కూర్చుంటున్నాయి కోతులు.

సంచులు ఇక కట్టను. వెదురు బుట్ట బోర్లించి పైన ఇటుక.

డిసెంబర్ 21

నంబర్ 12: 28 స్పష్టంగా ఉన్నాయి.

ఆ తర్వాత అవ్వ గులాబీ. నాలుగు రోజుల్లో 11 స్లైడ్లు పాడయ్యాయి, దీని వేళ్ళు సన్నం. చివరికి చదవదగ్గ కణాలు ఐదు. వరుసగా 20, 21, 21, 19, 21. ఒకదాని మీద ఒకటి పడితే తగ్గుతాయి కానీ లేనివి రావు కాబట్టి, 21 అనే తీసుకుంటున్నాను. మూడు ఏడులు.

తాలు పుప్పొడికి కారణం దొరికింది. 14 ఉంటే ఏడు జతలు. 28 ఉంటే 14 జతలు. 21కి జతలు సరిగా కుదరవు, కొన్ని మిగిలిపోతాయి. అవి ఎటు పోవాలో తెలియక చెల్లాచెదరవుతాయి. అట్లాంటి కణం నుంచి వచ్చే పుప్పొడి చాలావరకు తాలే.

14ది ఒక తల్లో తండ్రో, 28ది ఇంకొకరు. ఒకరి నుంచి 7, ఒకరి నుంచి 14, కలిస్తే 21. చైనా ముళ్ళు, డమస్క్ ఈకలు, 21 క్రోమోజోములు. మూడూ ఒకే కథ చెబుతున్నాయి. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి ఉంది, అప్పట్లో దాని పేరు బూర్బాఁ. అక్కడ 1800ల మొదట్లో కంచెలకు చైనా గులాబీలు, డమస్కులు కలిపి నాటేవాళ్ళు. వాటి సంకరంగా పుట్టిన గులాబీ ఎడ్వర్డ్. బూర్బన్ గులాబీల వంశం అక్కడ మొదలైంది. మన దేశంలో ఎడ్వర్డ్ రోజ్ పేరుతో పూలదండలకు, అంటు కట్టే వేరు మొక్కగా చాలాచోట్ల పెంచారు. అవ్వది సరిగ్గా ఆ మొక్కే అని నేను అనను. ఆ కుటుంబం అని మాత్రం ధైర్యంగా అంటాను.

డిసెంబర్ 28

స్లైడు ఫొటోలు చూపిస్తే, ఆ మొదటి పిల్లే మళ్ళీ అడిగింది. "బేసి సంఖ్య ఉన్న గులాబీ ఏదీ విత్తనాలు కట్టదా మేడమ్?"

ఇది అడగాల్సిన ప్రశ్నే. యూరప్ కంచెల్లో పెరిగే డాగ్ రోజ్ ఉంది, రోజా కెనైనా. దాని లెక్క 35, అంటే ఐదు ఏడులు. తాలు పడి చావాల్సిన మొక్క ఖండమంతా విత్తనాలతో పరుచుకుంది. ఎట్లాగంటే పుప్పొడి, అండం తయారయ్యే దాని క్షయకరణ విభజనలో తల్లి వైపు ఒక న్యాయం, తండ్రి వైపు ఒక న్యాయం. 35లో 14 మాత్రం ఏడు జతలు కడతాయి. మిగతా 21 జత లేకుండా ఒంటరిగా ఉంటాయి. పుప్పొడిలోకి పోయేటప్పుడు ఆ ఒంటరివన్నీ వదిలేసి ఏడే పోతాయి. అండంలోకి పోయేటప్పుడు ఒంటరివన్నీ కలిసి పోతాయి, 7కు 21 కలిస్తే 28. 28కి 7 కలిస్తే మళ్ళీ 35. తరతరాలుగా ఇదే పద్ధతి. 1920లలోనే మైక్రోస్కోపు కింద చూసి తేల్చారు, డీఎన్ఏ మాటే లేని రోజుల్లో. అంటే పుట్టే పిల్ల మొక్కకు తండ్రి నుంచి వచ్చేది ఐదో వంతు, తల్లి నుంచి నాలుగు వంతులు. బోర్డు మీద గీసి చూపిస్తే వెనక బెంచీ వాళ్ళు కూడా తలెత్తారు.

అవ్వ గులాబీకి ఆ విద్య రాదు.

సాయంత్రం డమస్క్ గురించి చదివాను. దాని పేరు డమాస్కస్ ఊరిది. ఇంగ్లండ్‌లో హర్స్ట్ అనే జన్యుశాస్త్రవేత్త క్రోమోజోములు, రూపాలు చూసి 1941లో ఒక లెక్క కట్టాడు. ఎండాకాలంలో ఒక్కసారే పూసే డమస్కు గాలికా, ఫినీషియా అనే జాతులకు పుట్టిందని, రెండుసార్లు పూసే డమస్కు గాలికా, మస్క్ జాతులకు పుట్టిందని. అరవై ఏళ్ళు అందరూ అదే చెప్పారు. 2000లో జపాన్ పరిశోధకులు నాలుగు పాత డమస్కు రకాల డీఎన్ఏ తీసి చూస్తే కథే మారిపోయింది. రైబోజోమ్ జన్యువుల మధ్య ఉండే ఐటీఎస్ అనే ముక్కలో మూడు జాతుల గుర్తులు కనిపించాయి. గాలికా, మస్క్, మూడోది ఎవరూ ఊహించని ఫెడ్‌చెంకోయానా, మధ్య ఆసియా కొండల మొక్క. ఆకుల క్లోరోప్లాస్ట్ తల్లి నుంచే వస్తుంది కాబట్టి దాన్నీ చూశారు. మస్క్‌ది. అంటే మస్క్ తల్లికి, గాలికా తండ్రికి పుట్టిన కూతురు మీద ఫెడ్‌చెంకోయానా పుప్పొడి పడింది. ఎండాకాలందీ, రెండుసార్లు పూసేదీ వేర్వేరు సంకరాలు కానే కాదు, ఒకటే. ఫెడ్‌చెంకోయానా పెరిగే చోటుకు డమాస్కస్ ఎక్కడో దూరం.

నా నోట్‌బుక్‌లో ఇప్పటిదాకా ఉన్న పేర్లు చూస్తే నవ్వొచ్చింది. ఇండికా ఇండియాది కాదు, కాశ్మీరీ కాశ్మీరుది కాదు, డమస్క్ డమాస్కస్‌ది కాదు.

జనవరి 15

సంక్రాంతికి అవ్వ ఊరికి పోయాను. అసలు గులాబీలు అడవిలో దొరుకుతాయా అని పోయిన వారం పాకాల వైపు వెళ్ళినప్పుడు కూడా వెతికాను, నాకు ఒక్కటీ కనబడలేదు. మన దేశంలో అడవి గులాబీలు లేక కాదు. నీలగిరి, పళని కొండల్లో లెషెనాల్టియానా ఉంది. బెంగాల్, బీహార్ నీటి అంచుల్లో క్లైనోఫిల్లా, మణిపూర్ కొండల్లో జైగాంటియా, చెట్లెక్కే అంత పెద్దది. కొడైకెనాల్‌లో ఉండి ఎం.ఎస్. వీరరాఘవన్ ఈ క్లైనోఫిల్లా, జైగాంటియాలతోనే వేడికి తట్టుకునే రకాలు తయారు చేశారు. అవి నిజంగా మన నాటు గులాబీలు. వాటి పేర్లు మన ఊళ్ళో ఎవరికీ తెలియవు, నాకూ ఈ మధ్యే తెలిసింది.

అవ్వ దగ్గర కూర్చుని ఫోన్లో 21 ఫొటో చూపించాను. చూసి పక్కన పెట్టింది. "గిదంతా ఎందుకు బిడ్డా?"

"మన నాటు గులాబీ ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తున్న అవ్వా."

"నాటు గులాబీ అని ఎవలన్నరు?"

"అందరం అంటాం గదా."

"మీరంటరు. నేనెన్నడన్న? గది కాజీపేట పువ్వు. మీ తాత రైల్వేల గ్యాంగుల పని చేసేటోడు. క్వార్టర్ల పక్కకు ఒక ఇంజన్ డ్రైవర్ దొర ఉండేటోడు, ఆ దొరసాని ఇంటి ముంగట గోడ పొంటి ఇదే పువ్వు. వాళ్ళు దేశం ఇడిసి పోయెటప్పుడు రెండు కొమ్మలు విరిసి ఇచ్చింది. మీ తాత తువ్వాల తడిపి చుట్టుకొచ్చిండు."

అంతా విన్నాక నేను ఏమీ అనలేదు. రెండున్నర నెలలు వేళ్ళు నానబెట్టి, యాసిడ్‌లో ఉడికించి, 11 స్లైడ్లు పాడు చేసుకుని నేను కనుక్కున్నదాంట్లో సగం, అడిగి ఉంటే బతుకమ్మ నాడే చెప్పేది.

ఫిబ్రవరి 8

పూత గురించి ఒక చిన్న లెక్క. చైనా గులాబీ ఏడాది పొడుగునా పూస్తుంది, యూరప్ పాత జాతులు వసంతంలో ఒక్కసారే. తేడా కేఎస్ఎన్ అనే జన్యువులో ఉందని 2012లో తేలింది. అది పూతకు బ్రేక్ లాంటిది. చైనా గులాబీలో ఆ జన్యువు మధ్యలో ఒక ఎగిరే డీఎన్ఏ ముక్క వచ్చి ఇరుక్కుంది, బ్రేక్ పట్టదు, ప్రతి కొమ్మా పువ్వుతోనే ముగుస్తుంది. అయితే ఒక్క ప్రతి చెడితే చాలదు, అన్నీ చెడాలి. అందుకే చైనా గులాబీని యూరప్ దానితో కలిపినప్పుడు మొదటి తరం ఒక్కసారే పూసి ఊరుకునేది. తర్వాతి తరాల్లోనే ఎప్పుడూ పూసేవి తేలాయి. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో గియో అనే నర్సరీ ఆయన 1867లో తెచ్చిన 'లా ఫ్రాన్స్' గులాబీని మొదటి హైబ్రిడ్ టీ అంటారు. దాని లెక్కా 21 అని చదివినప్పుడు అవ్వ మొక్క మీద గౌరవం పెరిగింది.

జనవరి మొదటి వారంలో కత్తిరించిన మొక్కల మీద కొత్త చిగుళ్ళు లెక్కపెట్టాను. కాశ్మీరీలో 20 కొమ్మలకు 20 మొగ్గతో ముగిశాయి. అవ్వ గులాబీలో 20కి 13. మిగతా ఏడు ఆకులేసి గుడ్డిగా ఆగిపోయాయి. అక్క మల్టీఫ్లోరా 20కి సున్నా. పూర్తిగా విరిగిన బ్రేకు, సగం పట్టే బ్రేకు, బాగా పట్టే బ్రేకు వరుసగా కుండీల్లో ఉన్నట్టుంది. అవ్వది ఒక్క తరంలో పుట్టిన సంకరం అయ్యుంటే ఇంత పూసేది కాదేమో. రెండు మూడు తరాలు కలిసి ఉండాలి.

అక్క తన మల్టీఫ్లోరాను పీకేస్తానంది. వద్దన్నాను. వచ్చే చలికాలం దాని మీదే అవ్వ గులాబీ కన్ను అంటు కడదామని ఒప్పందం.

మార్చి 14

బుట్ట కింద దాచిన ఆ ఒక్క కాయ నారింజ రంగుకు తిరిగింది. నంబర్ 1 తల్లి, నంబర్ 12 తండ్రి. బ్లేడుతో అడ్డంగా కోశాను. లోపల నూగు, నూగు మధ్య మంచి కాయకైతే పదీ ఇరవై గింజలుండాల్సిన చోట, గట్టి గింజలు రెండు. నీళ్ళలో వేస్తే ఒకటి తేలింది. ఒకటి మునిగింది.

మునిగినదాన్ని తడి టిష్యూలో చుట్టి, చిన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. గులాబీ గింజకు చలి తగలందే నిద్ర లేవదు, కనీసం ఎనిమిది వారాలు. పెరుగు గిన్నె పక్కన చోటు దొరికింది. అత్తమ్మ రెండు రోజులకే డబ్బా తీసి "ఇదేంది, బూజు పట్టిన మెంతులు ఎందుకు పెట్టినవ్?" అని పారేయబోయింది. ఇప్పుడు డబ్బా మీద టిన్ను ముక్క కట్టి ఉంది. ఒకవైపు 1 × 12 అని గీకాను. రెండోవైపు, అత్తమ్మకు అర్థమయ్యేలా, 'కాజీపేట పువ్వు, పారేయొద్దు' అని.